ఉప్పు పెరుగుతుంది, విత్తనం పెరగదు

జీవుల లక్షణాలు ఏవి అని అడిగితే మా శ్రీకాకుళం జిల్లాలో ఏ హైస్కూలు పిల్లయినా గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతుంది. చలనం, పోషణ, శ్వాసక్రియ, విసర్జన, పెరుగుదల, క్షోభ్యత (గిచ్చితే ఉలకడం), ప్రత్యుత్పత్తి. ఏడూ రాస్తే ఫుల్ మార్కులు. నాకు ఈ ఏడింటి మీద చాన్నాళ్ళ నుంచి గుర్రుగా ఉంది. అవి అబద్ధమని కాదు. జీవుల్ని చూసి రాసుకున్న గుర్తులు కాస్తా "ఇవి ఉంటే జీవి, లేకపోతే నిర్జీవి" అనే తీర్పుగా మారిపోయాయి. తంటా అంతా అక్కడే.

నౌపడ ఉప్పు మడుల గట్టు మీద నిలబడి ఈ జాబితా ఒకసారి చదవండి. మడిలో నీరు ఎండకు చిక్కబడేకొద్దీ ఉప్పు స్ఫటికం పెరుగుతుంది. ఓ చిన్న పలుకు పడితే చాలు, దాన్ని పట్టుకుని పెద్దదవుతుంది. విరిగిన ముక్క మళ్ళీ తన ఆకారం తను తెచ్చుకుంటుంది. అదే ఊళ్ళో ఎవరింట్లోనో గరిసెలో దాచిన విత్తనపు ధాన్యం కదలదు, తినదు, పెరగదు, గిచ్చినా ఉలకదు. ఏడు లక్షణాల పరీక్ష పెడితే ఉప్పుకే ఒకట్రెండు మార్కులు ఎక్కువ పడతాయి.

టెక్కలిలో చదువుకుంటున్న మా మేనకోడలికి పరీక్షలో సరిగ్గా ఈ ప్రశ్నే ఇచ్చారు. విత్తనం సజీవమా, నిర్జీవమా, కారణాలు రాయండి అని. "సజీవమే. కానీ ఏడు లక్షణాల్లో ఏదీ బయటికి కనిపించదు. నీళ్ళు పోశాకే తెలుస్తుంది" అని రాసింది. సగం మార్కులు కోసేశారు, లక్షణాలు రాయలేదని. బడి పేరు ఎందుకులెండి, చాలా చోట్ల జరిగేది ఇదే. "నానేటి తప్పు రాసీసేను మావయ్యా?" అంది ఫోన్‌లో. ఏ తప్పూ రాయలేదు. లీవెన్‌హుక్ అనే పెద్దమనిషి మూడు వందల ఏళ్ళ కిందట తన డాబా తూములోని దుమ్ముతో తేల్చిన సంగతినే అది తన మాటల్లో రాసింది. ఆ కథకు తర్వాత వస్తాను.

ముందు జాబితాలో మొదటిదాని సంగతి చూద్దాం. చలనం. 1827లో రాబర్ట్ బ్రౌన్ అనే వృక్షశాస్త్రవేత్త పుప్పొడి లోపలి సన్నటి రేణువుల్ని నీటిలో వేసి సూక్ష్మదర్శినిలో చూశాడు. అవి ఒక్క క్షణం నిలకడగా లేవు. పుప్పొడి మొక్కలో మగ భాగం కాబట్టి ఆ కదలిక జీవానిదే అనుకోవడానికి ఏ అడ్డూ లేదు. మనమైతే అక్కడితో నోట్సు రాసుకుని టీకి వెళ్ళిపోయేవాళ్ళం. ఆయన వెళ్ళలేదు. ఏళ్ళ కిందట ఎండబెట్టి దాచిన మొక్కల పుప్పొడి తీసి చూశాడు, అదీ కదిలింది. గాజు నూరి వేశాడు, కదిలింది. రాళ్ళు నూరి వేశాడు, చివరికి ఈజిప్టు స్ఫింక్స్ విగ్రహం తాలూకు రాతి ముక్క కూడా నూరి వేశాడు. అన్నీ కదిలాయి. కదలిక జీవానికి రుజువు కాదని తేలిపోయింది. కారణం 1905లో ఐన్‌స్టీన్ లెక్కలు కట్టి చెప్పాడు. నీటి అణువులు నలువైపుల నుంచీ ఆ రేణువుల్ని గుద్దుతుంటాయి, అంతే. ఈ బ్రౌనే 1831లో ఆర్కిడ్ మొక్కల కణాలు చూస్తూ కేంద్రకానికి ఆ పేరు పెట్టాడు. కణంలో కేంద్రకం గురించి చదివే పిల్లలకు ఈ స్ఫింక్స్ రాయి కథ ఎందుకు చెప్పమో నాకు అర్థం కాదు. రెండు పేరాల పని.

మిగతావాటి మీద ఇంత సేపు అక్కర్లేదు. మంట ఆక్సిజన్ తీసుకుంటుంది, కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, మేత దొరికితే పెరుగుతుంది, ఇంకో మంటను పుట్టిస్తుంది. కంచర గాడిదకు సంతానం ఉండదు, అయినా దాన్ని చచ్చినదని ఎవరూ అనరు. మన ఒంట్లో లెక్కకు అన్నిటికన్నా ఎక్కువగా ఉన్న కణాలు ఎర్ర రక్తకణాలు. వాటిలో కేంద్రకం ఉండదు, శక్తి తయారుచేసే మైటోకాండ్రియా ఉండవు, అవి విభజన చెందవు. సుమారు 120 రోజులు పనిచేసి పోతాయి. వాటిని ఏ వరసలో కూర్చోబెడదాం?

మరి జీవమంటే ఏమిటి అంటే నా జవాబు కణంలోనే ఉంది. కణం అనగానే బొమ్మ గీసి భాగాలు గుర్తించడం కాదు. మన పుస్తకాల్లో కణం బొమ్మ చూస్తే గోలీల డబ్బాలా ఉంటుంది. ఇదిగో కేంద్రకం, ఇదిగో రిక్తిక, ఇదిగో హరితరేణువు అంటూ బాణం గుర్తులు. అవి ఏం చేస్తున్నాయో పక్క పేజీలో ఒక్కో వాక్యంలో ఉంటుంది. ఇవన్నీ కలిసి దేనికోసం ఇంత గొడవ పడుతున్నాయో మాత్రం ఎక్కడా ఉండదు.

నాకు అర్థమైనంతలో ఆ గొడవ ఒకటే: లోపలిది లోపల, బయటిది బయట ఉంచడం. కణం చుట్టూ ఉండే ప్లాస్మా పొర ఎంత పల్చనంటే ఒక మిల్లీమీటరు మందంలో అలాంటివి లక్షకు పైనే పేర్చవచ్చు. కొవ్వు అణువులు రెండు వరుసలుగా సర్దుకుని కట్టుకున్న పొర అది. ఆ పల్చటి పొరకు అటూ ఇటూ రెండు వేరు వేరు లోకాలు. మన ఒంటి కణాల్లో చాలావాటికి బయట సోడియం లోపలికంటే పది రెట్లకు పైనే. పొటాషియం లోపల, బయటికంటే ముప్పై రెట్ల దాకా. వదిలేస్తే రెండూ కలిసి సమానమైపోవాలి. విసరణ అంటే అదేగా. పొర సందుల్లోంచి సోడియం లోపలికి జారుతూనే ఉంటుంది. చిల్లు పడ్డ నావలో కూర్చుని నీళ్ళు తోడిపోస్తూ ఉన్నట్టు కణం దాన్ని బయటికి తోడిపోస్తూనే ఉంటుంది. తోడే పని ఆగిన రోజున కణం ఉబ్బి చస్తుంది.

ఆ తోడే పంపును 1957లో కనిపెట్టినవాడు డెన్మార్క్‌కు చెందిన యెన్స్ స్కౌ. ఎక్కడ కనిపెట్టాడో తెలుసా, పీత కాళ్ళలో. పీత నరాలు తీసుకుని పనిచేశాడు, 1997లో నోబెల్ వచ్చింది. భావనపాడు పీతల పులుసు తినేటప్పుడల్లా నాకు ఈ విషయం గుర్తొస్తుంది, పక్కవాళ్ళకు చెబితే విసుక్కుంటారు. మనం ఊరికే పడుకుని ఉన్నా ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో ఇంచుమించు ఐదో వంతు, లేదా అంతకంటే ఎక్కువే, ఈ ఒక్క పంపుకే పోతుంది.

శక్తి అన్నాను కాబట్టి మనవాడి మాట రావాలి. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కండరాల్లో ఫాస్ఫరస్ కొలుస్తూ 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో కణాలకు శక్తిని అందించే ఏటీపీ అనే అణువును బయటపెట్టాడు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా ఏటీపీని పట్టుకున్నాడు. సోడియం పంపు తిరిగేది ఈ ఏటీపీతోనే. ఒంట్లో ఏ క్షణాన చూసినా అది కొన్ని పదుల గ్రాములకు మించి ఉండదు. కానీ విరుగుతూ మళ్ళీ అతుక్కుంటూ రోజంతా తిరిగే మొత్తాన్ని లెక్కేస్తే దాదాపు మన బరువుకు సరితూగుతుంది. మేం చదువుకునే రోజుల్లో సుబ్బారావు పేరు జనరల్ నాలెడ్జి పిరియడ్‌లో విన్నాం, ఏటీపీని జీవశాస్త్రం పిరియడ్‌లో విన్నాం. రెండూ ఒకే మనిషి పని అని ఎవరూ కలిపి చెప్పలేదు.

ఇప్పుడు మళ్ళీ ఉప్పు మడికి వెళ్దాం. ఉప్పు పేరుకోవడానికి ముందు చిక్కటి నీళ్ళు ఒక్కోసారి గులాబీ రంగుకు, ఎర్రరంగుకు తిరుగుతాయి. ప్రపంచంలో చాలా ఉప్పు మడుల దగ్గర కనిపించే సంగతే ఇది. ఆ రంగు చాలావరకు జీవులదే. డునాలియెల్లా అనే ఒక శైవలం (నాచు జాతిది), దానితోపాటు ఉప్పంటే ప్రాణం పెట్టే ఆర్కియా. చూడ్డానికి బ్యాక్టీరియాలా ఉన్నా ఈ ఆర్కియా పూర్తిగా వేరే వంశమని 1977లో కార్ల్ వోస్ తేల్చాడు. సముద్రపు నీటికి ఎన్నో రెట్లు ఉప్పగా ఉన్న ఆ ద్రవంలో మామూలు కణమేదైనా నీరంతా బయటికి పోయి ముడుచుకుపోతుంది. ఎండుచేపకు ఉప్పు పట్టించేది అందుకేగా, కుళ్ళబెట్టే బ్యాక్టీరియా నోరు కట్టేయడానికి. డునాలియెల్లా లోపల గ్లిసరాల్ నింపుకుని ఆ లాగుడును ఎదుర్కొంటుంది. ఆర్కియా దారి వేరు. బయట సోడియం ఎంత ఉంటే దానికి దీటుగా లోపల పొటాషియం నింపుకుంటుంది. దాని ప్రొటీన్లన్నీ ఆ ఉప్పదనానికే అలవాటు పడి ఉంటాయి. వాటిని పట్టుకెళ్ళి మంచినీళ్ళలో వేస్తే పగిలిపోతాయి. ఉప్పు చేప మీద అప్పుడప్పుడు ఎర్రగా, జిగటగా ఒక పూత వస్తుంది చూడండి, అది ఇలాంటి ఉప్పు ప్రేమికుల పనే.

నన్ను కట్టిపడేసే సంగతి ఇంకొకటి ఉంది. స్ఫటికం పెరిగేటప్పుడు లోపల చిన్న చిన్న ఉప్పునీటి బుడగలు చిక్కుకుంటాయి. ఆ బుడగల్లో ఈ ఆర్కియా కూడా చిక్కుకుని ఏళ్ళ తరబడి బతికే ఉంటుంది. అంటే గట్టు మీద నుంచి చూసేవాడికి పెరుగుతున్నట్టు కనిపించే స్ఫటికం నిర్జీవం. దాని కడుపులో ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉన్నది సజీవం. ఏడు లక్షణాల జాబితా చేతిలో పెట్టుకుని ఈ రెండింటినీ ఎవరైనా విడదీయగలరా? పొర, ఆ పొరకు అటూ ఇటూ ఉన్న తేడా, ఆ తేడాను నిలబెట్టే ఏర్పాటు, ఇవి ఉన్నాయా అని అడిగితే మాత్రం చిటికెలో విడిపోతాయి.

"ఏర్పాటు" అన్నాను, "పని" అనలేదు. గరిసెలో ధాన్యం ఆ మాట దగ్గర నన్ను జాగ్రత్తపడేలా చేస్తుంది. 12, 13 శాతం తేమకు ఎండిన విత్తనంలో శ్వాసక్రియ కొలవడానికే కష్టమయ్యేంత నెమ్మదిస్తుంది. పని దాదాపు ఆగిపోయినట్టే. లీవెన్‌హుక్ 1702లో చూసింది దీన్నే. ఇంటి పైకప్పు తూములో ఎండిపోయిన దుమ్ము తీసి కాచి చల్లార్చిన నీళ్ళు పోశాడు. గంట తిరక్కుండా అందులో రోటిఫర్లనే చిన్న జీవులు ఈదడం మొదలుపెట్టాయి. నెలల తరబడి ఎండబెట్టిన దుమ్ముతో చేసినా అదే జరిగింది. చైనాలో ఎండిపోయిన చెరువు అడుగున దొరికిన సుమారు 1300 ఏళ్ళనాటి తామర గింజ మొలిచింది. ఇజ్రాయెల్‌లో సుమారు 2000 ఏళ్ళనాటి ఖర్జూరపు గింజను 2005లో నాటితే మొక్క వచ్చింది. అన్నేళ్ళూ వాటిలో ఏడు లక్షణాల్లో ఎన్ని పనిచేశాయి?

దీన్ని తిరగేసిన ప్రయోగం మన రైసుమిల్లుల్లో రోజూ జరుగుతోంది. ఉప్పుడు బియ్యం కోసం ధాన్యం నానబెట్టి, ఆవిరికి ఉడికించి, మళ్ళీ ఎండబెడతారు. పొట్టుతోనే ఉన్న ఆ గింజను, విత్తనపు గింజను పక్కపక్కన పెట్టండి. అదే పిండిపదార్థం, అదే ప్రొటీను, అవే లవణాలు, దాదాపు అదే బరువు. తూకానికి తేడా దొరకదు. ఒకటి మొలుస్తుంది, రెండోది ఎన్ని నీళ్ళు పోసినా మొలవదు. ఉడికినప్పుడు పోయింది ఏదో ఒక పదార్థం కాదు. ప్రొటీన్ల మడతలు చెదిరిపోయాయి, పొరలు పాడయ్యాయి, ఏది ఎక్కడుండాలో అక్కడ లేకుండా పోయింది. జీవం అనే సరుకేదీ గింజలో విడిగా దాక్కుని లేదు, ఆవిరితో పాటు ఎగిరిపోవడానికి. అమరిక ఉంది, అది చెడింది. ఎండు విత్తనంలో పని ఆగినా అమరిక చెక్కుచెదరలేదు. నీళ్ళు తగిలితే పని మళ్ళీ మొదలవుతుంది. మా మేనకోడలు రాసిన "నీళ్ళు పోశాకే తెలుస్తుంది" అనే మాటలో ఈ అర్థమంతా ఉందని నేనంటాను. కాస్త మేనమామ అభిమానం కూడా కలిసిందేమో, కలవనీండి.

కణం గురించి చెప్పడానికి శ్రీకాకుళం జిల్లా కంటే మంచి చోటు లేదని నేను వాదిస్తాను. కారణం పొందూరు. ఖాదీ కోసం కాదు, ఖాదీలోని పీచు కోసం. పత్తి గింజ మీద కనిపించే ఒక్కో పీచూ ఒక్కో కణం. గింజ పైతోలులోని ఒక కణం పువ్వు విచ్చిన రోజుల్లో సాగడం మొదలుపెడుతుంది. మందం మిల్లీమీటరులో యాభయ్యో వంతు దగ్గరే ఆగిపోతుంది కానీ పొడవు రకాన్ని బట్టి రెండు, మూడు సెంటీమీటర్ల దాకా వెళ్తుంది. అంటే మందానికి వెయ్యి రెట్లకు పైనే. సాగడం అయ్యాక లోపలి వైపు నుంచి సెల్యులోజ్ పొర మీద పొర పోసుకుంటుంది. చివరికి ఆ పీచులో నూటికి తొంభై పాళ్ళకు మించి సెల్యులోజే మిగులుతుంది. కాయ పగిలి ఎండ తగిలేసరికి లోపలి జీవపదార్థం ఎండిపోతుంది, గొట్టం చదునుగా అణిగి మెలికలు తిరుగుతుంది. ఆ మెలికల వల్లే పీచుకు పీచు పట్టుకుని నూలు అవుతుంది. వాలుగ చేప దవడతో కొండపత్తి దువ్వే ఆడవాళ్ళ చేతుల్లో ఉన్నవి ఏకకణాలు, కంటికి కనిపించేంత పొడవున్నవి. కణం కంటికి కనిపించదని పాఠంలో చదివిన పిల్లను పొందూరు తీసుకెళ్ళి ఆ దూది చేతిలో పెడితే చాలదా?

పైగా అది చచ్చిన కణం. 1665లో రాబర్ట్ హుక్ బెండు ముక్కలో చూసి "సెల్" అని పేరు పెట్టినవి కూడా చచ్చిన కణాల గోడలే. లోపల బతుకుతున్నదాన్ని చూడటానికి ఇంకో పదేళ్ళు ఆగాల్సి వచ్చింది. చూసినవాడు ఇందాకటి లీవెన్‌హుక్. ఆయన చదువు శాస్త్రంలో కాదు. హాలండ్‌లోని డెల్ఫ్ట్‌లో బట్టల వ్యాపారి, నూలు నాణ్యం చూసుకోవడానికి అద్దాలు వాడే వృత్తి. అద్దాలు తనే అరగదీసుకుని 1670లలో చెరువు నీటిలోను, తర్వాత తన పంటి పాచిలోను చిన్న జీవుల్ని చూశాడు. పొందూరు నేతగాళ్ళకు వరస కలుపుకోవాలంటే హుక్‌తో కాదు, ఈయనతో కలుపుకోవాలి. ఆ తర్వాత 1838లో ష్లైడెన్ మొక్కల గురించి, 1839లో ష్వాన్ జంతువుల గురించి అన్నీ కణాలతోనే కట్టి ఉన్నాయన్నారు. 1855లో విర్కో కణం కణం నుంచే పుడుతుందన్నాడు. ఈ ముగ్గురి పేర్లూ పిల్లలకు బాగానే వచ్చు, ఒక మార్కు ప్రశ్నల్లో వస్తాయి కాబట్టి.

వైరస్ మాటేమిటని అడిగేవాళ్ళు ఉంటారు. 1935లో స్టాన్లీ పొగాకు మొక్కలకు తెగులు తెచ్చే వైరస్‌ను ఉప్పులాగా స్ఫటికాలు చేసి సీసాలో పెట్టాడు. తీసి ఆకుకు రాస్తే మళ్ళీ తెగులు వచ్చింది. దానికి సొంతంగా ఏటీపీ తయారుచేసుకునే ఏర్పాటు లేదు, లోపలా బయటా అంటూ కాపాడుకునే తేడా లేదు. నా కొలమానంలో అది జీవి కాదు, జీవి కణంలో దూరినప్పుడు ఆ కణం చేత తన పని చేయించుకునే సందేశం. కొందరు ఒప్పుకోరు. వాళ్ళ వాదనా తీసిపారేసేది కాదు. అది పరిణామం చెందుతుందిగా అంటారు. ఈ జగడం క్లాసులో పెడితే ఒక పిరియడ్ ఎలా గడిచిందో కూడా తెలియదు. ఏడు లక్షణాల్లో రెండున్నాయి, ఐదు లేవు, కాబట్టి జీవి కాదు అని లెక్కలేస్తే మాత్రం ఐదు నిమిషాల్లో ముగిసిపోతుంది.

విజయనగరంలో సైన్సు చెప్పే ఒక మాస్టారు నాకు పాత స్నేహితుడు. ఇవన్నీ చెబితే నవ్వారు. "ఏటండీ బాబూ, మీకేటి, రాసుకుంటారు. నా క్లాసులో అరవై మంది. మైక్రోస్కోపు బీరువాలో ఉంది, బీరువా తాళం హెడ్‌మాస్టారి దగ్గరుంది. జాబితా ఇస్తే వెనకబెంచీ వాడు కూడా పాసవుతాడు." ఇది తేలిగ్గా కొట్టేసే మాట కాదు. జాబితా మొదటి చూపుకు పనికొస్తుంది, ఎక్కడ వెతకాలో చెబుతుంది. పాసవ్వాల్సిన పిల్లాడి టెన్షన్ ముందు నా ఆర్కియా కబుర్లు నిలవవు. నేను అడిగేది జాబితా తీసేయమని కాదు. ఏడూ చెప్పాక ఎనిమిదో నిమిషంలో ఉప్పును, విత్తనాన్ని బల్ల మీద పెట్టి ఇప్పుడు చెప్పండ్రా అనమని.

మైక్రోస్కోపు లేకపోయినా పొరను చూపించే దారి ఉంది. రైతుబజారులో ఒక బీట్‌రూట్ కొనాలి. చెక్కు తీసి, ముక్కలు కోసి, కోతలో కారిన రంగు పోయేదాకా కడగాలి. కొన్ని ముక్కలు చల్లటి నీళ్ళ గ్లాసులో, కొన్ని బాగా వేడి నీళ్ళ గ్లాసులో వేయాలి. చల్లటి గ్లాసులో నీళ్ళు దాదాపు తేటగానే ఉంటాయి. వేడి గ్లాసు ఎర్రగా అయిపోతుంది. ఆ రంగు కణం లోపల రిక్తిక అనే సంచిలో ఉంటుంది, పొరలు బాగున్నంతసేపు బయటికి రాదు, వేడికి పొరలు చెడగానే కారిపోతుంది. ముక్కల్ని రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టి కరగనిచ్చినా అంతే, మంచు పలుకులు పొరల్ని చీల్చేస్తాయి.

మాస్టారు విని, "ఇది ఎన్ని మార్కుల ప్రశ్న?" అన్నారు. ప్రస్తుతానికి సున్నా అన్నాను. ఫ్లాస్కులో వేడినీళ్ళు ఇంటి నుంచే తెచ్చుకోవచ్చు కదా అని మాత్రం ఆయనే అన్నారు.